మాకు చెప్పింది మీకెందుకు చెప్పాలి? – సంస్థల యాజమాన్యాలకు వెల్‌నెస్ నర్సుల బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంస్థల యాజమాన్యాలకు, హెచ్‌ఆర్ విభాగాల అధిపతులకు, వెల్‌నెస్ కార్యక్రమాలను కాంట్రాక్టు మీద నడుపుతున్న ఏజెన్సీలకు,

ఆసుపత్రి వార్డుల్లో రోగుల మంచాల పక్కన డ్యూటీలు చేసి, ఆ తర్వాత ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో, కాల్ సెంటర్లలో, సిబ్బంది ఆరోగ్య అలవాట్లు మార్చుకోవడానికి సాయపడే వెల్‌నెస్ కోచ్‌లుగా చేరిన నర్సులం రాస్తున్న లేఖ ఇది. సిబ్బంది ఆరోగ్యం కోసం ఒక పోస్టు పెట్టాలని, అందులో నర్సు ఉంటే బాగుంటుందని మీకు తోచినందుకు సంతోషం. అయితే ఆ పోస్టు నడుస్తున్న తీరు గురించి మెయిళ్లలో చెప్పాం, సమీక్షల్లో చెప్పాం. "నోట్ చేసుకున్నాం" అన్న మాట దాటి ఏదీ కదల్లేదు. అందుకే నలుగురికీ తెలిసేలా రాయాల్సి వచ్చింది.

నర్సు దగ్గర మనుషులు మామూలుగా ఎవరికీ చెప్పని సంగతులు చెబుతారు. మందులు మానేశామని, రాత్రిళ్లు తాగుతున్నామని, పనిలో ఉండగా ఒకసారి కళ్లు తిరిగాయని. మీరు నర్సును తీసుకున్నదీ ఆ నమ్మకం కోసమే. తీసుకున్నాక మాత్రం ఆ నమ్మకం నిలబడే ఏర్పాట్లు చేయడం లేదు, పైగా దాన్నే వాడుకుంటున్నారు. మా ఫిర్యాదంతా ఇదే.

పనిచోట నర్సు ఉండటం కొత్తేమీ కాదు. 1878లోనే ఇంగ్లండులోని నారిచ్‌లో ఒక ఆవపొడి కంపెనీ ఫిలిప్పా ఫ్లవర్‌డే అనే నర్సును నియమించింది. దవాఖానాలో డాక్టరుకు సాయం చేయడం, జబ్బుపడ్డ కార్మికులను ఇళ్లకు వెళ్లి చూడటం ఆమె పని. నియమాలూ కొత్త కావు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1985లో తెచ్చిన 161వ ఒడంబడిక పనిచోటి ఆరోగ్య సేవల గురించే. ఆ సేవలందించేవారికి యాజమాన్యం నుంచీ, కార్మికుల నుంచీ కూడా పూర్తి వృత్తిస్వేచ్ఛ ఉండాలని అందులోని 10వ అధికరణం చెబుతోంది. మీ దేశం దాన్ని ఆమోదించిందా లేదా అన్నది వేరే సంగతి. కొలబద్దగా పెట్టుకోవడానికి ఎవరి ఆమోదమూ అక్కర్లేదు.

ఇప్పుడు జరుగుతున్నదేమిటో, దానివల్ల మీ సిబ్బందికి ఏమవుతోందో వరసగా చెబుతాం.

1. చెప్పిన మాట గది దాటుతోంది.

వెల్‌నెస్ గది చాలాచోట్ల హెచ్‌ఆర్ గదికి ఆనుకుని, అద్దాల గోడతో ఉంటుంది. లోపల ఎవరు కూర్చున్నారో, ఎవరు కళ్లు తుడుచుకుంటున్నారో నడవాలో పోయే ప్రతివారికీ కనిపిస్తుంది. అపాయింట్‌మెంటు తీసుకుంటే టీమ్ మొత్తానికి కనిపించే క్యాలెండర్‌లో "వెల్‌నెస్ – షుగర్ ఫాలోఅప్" అని పడుతుంది. మేము నోట్స్ రాసేది కూడా హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్‌లోనే. అడ్మిన్ లాగిన్ ఉన్నవారెవరైనా తెరిచి చదువుకోవచ్చు.

నివేదికలో పేర్లు తీసేస్తున్నాం కదా అంటారు. ఆరుగురున్న విభాగంలో "షుగర్: 1" అని రాశాక ఇంక పేరెందుకు? పెద్ద విభాగమైనా అంతే. పోయిన నెల 10 మంది, ఈ నెల 11 మంది, ఈ మధ్యలో కొత్తగా చేరింది ఒక్కరే అయితే, కూడికలు తీసివేతలు వచ్చిన ఎవరికైనా ఆ మనిషి ఎవరో తెలిసిపోతుంది.

ఇంకా ఇబ్బందికరమైనది సిక్ లీవ్ వ్యవహారం. "ఫలానావారు మూడు రోజులుగా రావట్లేదు, ఫోన్ చేసి నిజంగా జ్వరమేనా కనుక్కోండి" అని నర్సుకు పురమాయిస్తారు. ఇందాక చెప్పిన ఒడంబడిక 15వ అధికరణం ఈ పనిని పేరు పెట్టి మరీ వద్దంటోంది: సెలవు కారణాలు నిజమో కాదో తేల్చమని ఆరోగ్య సేవల సిబ్బందిని యాజమాన్యం అడగకూడదు. అలాంటి ఫోన్ ఒక్కటి వెళ్తే చాలు, ఆ అంతస్తులో ఇంకెవరూ మా గదికి రారు.

రాకపోతే నష్టమేమిటి? జనం ముందు దాచేది ఉద్యోగం పోతుందన్న భయం పుట్టించే జబ్బునే. ప్రెస్ మిషన్ దగ్గర నిలబడే మనిషి మూర్ఛ సంగతి దాస్తారు. బండి నడిపేవారు ఇన్సులిన్ సంగతి, నిద్రలో ఊపిరి ఆగే సంగతి దాస్తారు. ద్రావకాల మధ్య పనిచేసే ఆమె గర్భం నిలిచిన తొలి నెలల్లో నోరు విప్పదు. వీటిలో ఏది బయటపడ్డా మేము చేయగలిగింది ఉంది, డ్యూటీ మార్పించడమో, డాక్టరుతో మాట్లాడి మందు వేళలు సర్దించడమో. తెలియనిదానికి ఏం చేస్తాం?

2. బీపీ క్యాంపుల్లో పుడుతున్న అంకెలు తప్పు.

బీపీ సరిగా చూడాలంటే అరగంట ముందు నుంచీ కాఫీ, టీ, పొగ, వ్యాయామం ఉండకూడదు. మూత్రం ఆపుకుని ఉండకూడదు. 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. వీపుకు ఆనుడు ఉండాలి, పాదాలు నేల మీద ఆనాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. చేతికి చుట్టే పట్టీని (కఫ్) చొక్కా చేతి మీద కాదు, ఒంటి మీదే కట్టాలి, చెయ్యి గుండె మట్టానికి ఉండాలి. చెయ్యి 10 సెంటీమీటర్లు కిందికి దిగితే రీడింగు 7, 8 పెరుగుతుంది. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూసి సగటు రాయాలి.

కఫ్ కొలత ఇంకో చిక్కు. లోపలి గాలి సంచి చేతి చుట్టుకొలతలో 80 శాతం వరకు చుట్టుకోవాలి. 2023లో వెలువడ్డ ఒక అధ్యయనంలో, ఎక్స్‌ట్రా లార్జ్ కఫ్ కావాల్సినవారికి మామూలు కఫ్ కట్టి చూస్తే పై బీపీ సగటున 19.5 ఎక్కువ చూపించింది. క్యాంపులకు మీరు పంపే పెట్టెలో సాధారణంగా ఉండేది ఒకే ఒక్క మామూలు కఫ్.

ఇక లెక్క. విశ్రాంతి కుర్చీలు బయట వేసి, ఆ 5 నిమిషాలు అక్కడే గడిచేలా చూసినా, మనిషికి తక్కువలో తక్కువ 5 నిమిషాలు పడుతుంది. 4 గంటల్లో ఒక నర్సు 48 మందిని చూడగలరు. మీ షెడ్యూలులో ఉండేది 200 మంది. అంటే మనిషికి 1 నిమిషం 12 సెకన్లు. మెట్లెక్కి ఆయాసంతో వచ్చి, ఫోన్‌లో మాట్లాడుతూ చొక్కా మీద కఫ్ కట్టించుకున్న మనిషికి 152 వస్తే, అది బీపీయో హడావుడో ఎవరు చెప్పాలి? ఆ అంకె మాత్రం ఫైల్లో ఉండిపోతుంది. నిజంగా బీపీ ఉన్న ఇంకొకరు ఒకే రీడింగుతో "నార్మల్" అనిపించుకుని ఏడాదిపాటు నిశ్చింతగా తిరుగుతారు.

180/120 దాటితే ఏం చేయాలో కూడా చాలా క్యాంపుల్లో రాసి ఉండదు. ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒకవైపు చెయ్యో కాలో పట్టు తప్పడం, చూపు మసకబారడం ఉంటే వెంటనే అంబులెన్సు. ఇవేవీ లేకపోతే 5 నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూడాలి, అలాగే ఉంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి పంపాలి. ఈ నాలుగు ముక్కలు గోడకు అంటించడానికి బడ్జెట్ అడగక్కర్లేదనుకుంటాం.

3. పోటీలు ప్రమాదం తెస్తున్నాయి.

బరువు తగ్గే పోటీ పెడతారు. షుగర్‌కు గ్లిమెపిరైడ్ మాత్రో ఇన్సులినో వాడేవారు మందు వేసుకుని తిండి మానేస్తే షుగర్ 70 కిందికి పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక. వెంటనే గ్లూకోజు లాంటిది 15 గ్రాములు ఇచ్చి 15 నిమిషాలకు మళ్లీ చూడాలన్నది పక్క సీటులో ఉన్నవారికి తెలియదు. షుగర్‌కే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడేవారి సంగతి ఇంకా మోసం. వాళ్లు పిండిపదార్థాలు పూర్తిగా మానేస్తే రక్తంలో ఆమ్లాలు పెరిగే కీటోయాసిడోసిస్ రావచ్చు, అప్పుడు షుగర్ రీడింగు పెద్దగా పెరగకపోవచ్చు కూడా. వాంతులు, కడుపునొప్పి, అలసట అంటే అజీర్ణమనుకుని ఇంటికి పంపేస్తారు. పోటీలో పేరు ఇచ్చేటప్పుడు ఏ మందులు వాడుతున్నారని అడిగిన ఫారం ఎన్ని సంస్థల్లో ఉంది?

రోజుకు 10,000 అడుగుల చాలెంజ్ మీకిష్టం. ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగుల మీటరు పేరుతో ప్రచారంలోకి వచ్చింది, వైద్యులు తేల్చింది కాదు. మోకాళ్లు అరిగినవారిని టీమ్ స్కోరు కోసం సహోద్యోగులే సతాయిస్తారు.

మంచినీళ్ల చాలెంజ్ మరీ విడ్డూరం. రోజుకు 3 లీటర్లు తాగమని యాప్ గంటగంటకూ గుర్తు చేస్తుంది. అదే సంస్థలో ఇంకో సాఫ్ట్‌వేర్ సీటు వదిలిన నిమిషాలు లెక్కపెట్టి, బాత్రూముకు రెండుసార్లు ఎక్కువ వెళ్తే ఎర్రగీత గీస్తుంది. ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేసి మూత్రంలో మంటతో మా దగ్గరికి వస్తారు. గుండె పంపింగు తగ్గినవారికీ, కిడ్నీలు దెబ్బతిన్నవారికీ డాక్టరు నీళ్లు తగ్గించమని చెప్పి ఉంటారన్న సంగతి యాప్‌కు తెలిసే దారే లేదు.

4. శుక్రవారం సాయంత్రం నింపిన ఫారం సోమవారం దాకా ఎవరూ చూడటం లేదు.

మానసిక ఆరోగ్యం పేరుతో, డిప్రెషన్ తీవ్రతను అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిని లింకుగా పంపుతున్నారు. 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. తొమ్మిదో ప్రశ్న చనిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి, తమకు తాము హాని చేసుకోవాలన్న ఆలోచనల గురించి. యాప్ చూసేది మొత్తం స్కోరునే. మొత్తం 6 వస్తే "స్వల్పం" అని పచ్చరంగులో పెట్టేస్తుంది. ఆ 6లో ఒకటి తొమ్మిదో ప్రశ్నకు వచ్చిందేమో ఎవరూ తెరిచి చూడరు.

వార్డులో రోగి అలాంటి మాట అంటే నర్సు ఆ మంచం వదిలి కదలదు. అడిగి, జవాబు తీసుకుని, రెండు రోజులు పక్కన పెట్టడం కన్నా అసలు అడగకపోవడమే నయం.

5. ఒక కోచ్‌కు ఎంతమంది?

మొదటి సెషన్ గంట, దాని నోట్స్‌కు అరగంట. తర్వాత రెండు వారాలకోసారి అరగంట మాట, పావుగంట నోట్స్. చేతిలో 60 మంది ఉంటే వారానికి మాటలకు 15 గంటలు, నోట్స్‌కు 7.5 గంటలు. కొత్తవారు వారానికి ఐదుగురు వస్తే మరో 7.5. అన్నీ కలిపితే 30 గంటలు. 40 గంటల వారంలో మిగిలిన 10 గంటలు డాక్టర్లతో ఫోన్లకూ, షాప్‌ఫ్లోర్ తిరిగి చూడటానికీ, చదువుకోవడానికీ సరిపోతాయి.

2,000 మందికి ఒక కోచ్‌ను పెడుతున్నారు. పదిమందిలో ఒక్కరు వచ్చినా 200 మంది. మాటలకే వారానికి 50 గంటలు. అందుకే సెషన్ 10 నిమిషాలకు కుంచించుకుపోయి కరపత్రం చేతిలో పెట్టి పంపడంతో ముగుస్తోంది. తర్వాత మీరే "స్పందన తక్కువగా ఉంది" అంటారు.

6. నర్సు అయినంత మాత్రాన కోచ్ అయిపోరు.

ఇది మా వాళ్లకూ చెప్పాల్సిన మాటే. వార్డులో తీరిక ఉండదు. చూడాలి, చెప్పాలి, చేయించాలి, చార్టులో రాయాలి. ఆ అలవాటుతోనే "సిగరెట్ మానేయండి, ఊపిరితిత్తులు పాడవుతాయి" అంటాం. ఎదుటి మనిషి తలూపి వెళ్లిపోతారు. విలియం మిల్లర్, స్టీఫెన్ రోల్నిక్ తీర్చిదిద్దిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ పద్ధతిలో "మానడం మీకెంత ముఖ్యం, 0 నుంచి 10లో చెప్పండి" అని అడుగుతాం. 5 అంటే, "3 ఎందుకు అనలేదు?" అని అడగాలి. అప్పుడు మానాల్సిన కారణాలు ఆ మనిషి నోటి నుంచే వస్తాయి. "8 ఎందుకు కాదు?" అంటే మానలేని సాకులు వస్తాయి. వినడానికి చిన్న తేడా. నోటికి పట్టడానికి నెలలు పడుతుంది, అదీ ఎవరో పక్కన కూర్చుని విని సరిదిద్దితేనే.

అమెరికాలో 2017 నుంచి జరుగుతున్న ఆరోగ్య, వెల్‌నెస్ కోచ్‌ల జాతీయ బోర్డు పరీక్షకు, కనీసం 20 నిమిషాల సెషన్లు 50 చేసినట్టు చూపిస్తే గానీ కూర్చోనివ్వరు. మీరిచ్చే శిక్షణ ఒక పూట స్లైడ్లు.

పైగా నియామక పత్రంలో "అడ్మిన్ ఎగ్జిక్యూటివ్" అని రాస్తారు. వార్డు అనుభవం లెక్కలోకి రాదు. రిజిస్ట్రేషన్ కొనసాగడానికి నర్సుగా పనిచేసిన గంటలు చూపాల్సిన చోట ఈ గంటలు చెల్లుతాయో లేదో తెలియదు. ఎవరైనా కుప్పకూలితే మాత్రం "నర్సు ఉన్నారుగా" అని పిలుస్తారు. అలాంటప్పుడు ఏం చేయాలో డాక్టరు ముందే రాసిచ్చే స్టాండింగ్ ఆర్డర్లు ఉండవు, పొరపాటు జరిగితే ఆదుకునే బాధ్యత బీమా ఉండదు. ఇంజెక్షను వేస్తే తప్పు, వేయకపోతే తప్పు.

డిమాండ్లకు వెళ్లేముందు ఇంకొక్క మాట. ఈ కార్యక్రమాల మీద పెట్టిన ఖర్చు వైద్య బిల్లుల్లో, సెలవుల్లో తిరిగి వస్తుందని ఏజెన్సీలు మీకు చూపించే గ్రాఫుల్లో చాలావరకు వచ్చినవారిని రానివారితో పోల్చినవే. ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవారే ముందు వస్తారు కాబట్టి ఆ తేడా ఎటూ కనిపిస్తుంది. కార్యక్రమం ఎవరికి, ఎవరికి కాదు అన్నది లాటరీ పద్ధతిలో విడదీసి చూసినప్పుడు చిత్రం మారింది. 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, 160 చోట్ల పనిచేసే దాదాపు 33,000 మంది మీద 18 నెలల తర్వాత చూస్తే, వ్యాయామం చేస్తున్నామని చెప్పినవారు పెరిగారు గానీ బీపీలో, కొలెస్ట్రాల్‌లో, వైద్య ఖర్చులో, గైర్హాజరులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇలినాయ్ విశ్వవిద్యాలయం తన ఉద్యోగుల మీద చేసిన పరీక్షలోనూ ఖర్చు, గైర్హాజరు తగ్గలేదు. మా పోస్టుకే ఎసరు తెచ్చే సంగతి మేమే ఎందుకు చెబుతున్నామంటే, అలసట పని పద్ధతిలో ఉన్నప్పుడు మనిషికి శ్వాస వ్యాయామం నేర్పితే ఫలితం అలాగే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నవుట్‌ను, అంటే పని ఒత్తిడి తెచ్చే తీవ్ర అలసటను, వృత్తికి సంబంధించిన పరిస్థితిగానే తన వర్గీకరణలో చేర్చింది, జబ్బుగా కాదు. షిఫ్టులు, టార్గెట్లు, విరామాలు, సూపర్‌వైజర్ల మాటతీరు – వీటి గురించి చెప్పే దారి కోచ్‌కు లేకపోతే, ఆ పోస్టు సగం పోస్టే.

మా డిమాండ్లు ఇవి:

1. కోచ్ నోట్స్ హెచ్‌ఆర్ వ్యవస్థలోంచి వేరు చేయాలి. లాగిన్ ఆరోగ్య సిబ్బందికే ఉండాలి. మేనేజర్‌కు వెళ్లే కాగితం మీద "పనికి తగినవారు" లేదా "ఈ పరిమితులతో తగినవారు" అన్న మాట తప్ప జబ్బు పేరు ఉండకూడదు. 10 మంది కన్నా తక్కువ ఉన్న ఏ గుంపు అంకెలూ నివేదికలో రాకూడదు, అంకెలు నెలకు కాక ఆరు నెలలకోసారి ఇవ్వాలి. ప్రాణాపాయం ఉన్నప్పుడు ఏది, ఎవరికి చెప్పాల్సి వస్తుందో మొదటి సెషన్‌లోనే రాతపూర్వకంగా ఇచ్చే ఫారం పెట్టాలి.

2. సిక్ లీవ్ నిజానిజాలు తేల్చే పని నర్సుకు అప్పగించడం ఈ రోజే ఆపాలి. దీనికి కమిటీ అక్కర్లేదు, ఒక మెయిలు చాలు.

3. గోడలున్న, తలుపు మూసుకునే గది ఇవ్వాలి. క్యాలెండర్‌లో "బిజీ" అన్న మాట తప్ప ఇంకేమీ కనబడకూడదు. సెషన్‌కు వచ్చిన సమయం పని గంటల్లోకే రావాలి, జీతం కోయకూడదు.

4. స్క్రీనింగ్‌లో గంటకు ఒక నర్సుకు 12 మందికి మించి పెట్టకూడదు. మూడు కొలతల కఫ్‌లు ఉండాలి. వేలి నుంచి తీసిన చుక్కతో వచ్చిన అంకెను "షుగర్ వ్యాధి" అని రికార్డు చేయకూడదు. ల్యాబ్ పరీక్షకు పంపి, వెళ్లారో లేదో రెండు వారాలకు కనుక్కోవాలి.

5. బరువు పోటీలు, నీళ్ల చాలెంజ్‌లు ఆపాలి. ఏ కార్యక్రమానికైనా చేరేముందు మందుల వివరం కోచ్ మాత్రమే చూసేలా తీసుకోవాలి. చేరనివారికి బీమా ప్రీమియంలో గానీ, అప్రైజల్‌లో గానీ నష్టం ఉండకూడదు.

6. పీహెచ్‌క్యూ-9 పంపితే, తొమ్మిదో ప్రశ్నకు 0 కాక ఇంకేది వచ్చినా అప్పటికప్పుడు డ్యూటీలో ఉన్న మనిషికి సమాచారం వెళ్లాలి, అదే రోజు ఫోన్ వెళ్లాలి. ఆ ఏర్పాటు లేనంతవరకు ఆ లింకు పంపొద్దు.

7. ఒక కోచ్‌కు ఒకేసారి 60 మంది, అంతే. వచ్చేవారు పెరిగితే కోచ్‌లు పెరగాలి.

8. చేరిన మొదటి ఆరు నెలలు అనుభవమున్న కోచ్ సెషన్లు విని సరిదిద్దే ఏర్పాటు, నియామక పత్రంలో "నర్సు" అన్న హోదా, వార్డు అనుభవానికి లెక్క, డాక్టరు సంతకంతో స్టాండింగ్ ఆర్డర్లు, బాధ్యత బీమా ఉండాలి.

9. ఆరు నెలలకోసారి, పని పరిస్థితుల గురించి కోచ్ రాసే నివేదికను సేఫ్టీ కమిటీ ముందు చదవాలి. దాన్ని హెచ్‌ఆర్ దిద్దకూడదు.

వీటిలో రెండోది, ఆరోది వెంటనే చేయదగ్గవి, ఖర్చు లేనివి. మిగతావాటిలో ఏది ఎప్పటికి చేస్తారో, ఏది చేయరో, ఎందుకు చేయరో నెల రోజుల్లో రాతపూర్వకంగా చెప్పండి. ఆ జవాబు మా మెయిళ్లకు పంపి ఊరుకోకుండా సిబ్బంది నోటీసు బోర్డులో కూడా పెట్టండి. మా గదికి రావాలా వద్దా అన్నది అది చదివి వాళ్లే తేల్చుకుంటారు.

ఇట్లు,
వార్డుల నుంచి పనిచోట్లకు వచ్చిన వెల్‌నెస్ నర్సులు